ఫాల్కన్ 4.0: నేల చూస్తే బొమ్మ, యుద్ధం చూస్తే నిజం

ముందే చెప్పేస్తున్నాను, ఇది కొత్త గేమ్ కాదు. 1998 డిసెంబర్‌లో మైక్రోప్రోస్ విడుదల చేసిన ఎఫ్-16 యుద్ధవిమానం సిమ్యులేటర్ (నిజం విమానం నడిపినట్టే ఆడే గేమ్), ఫాల్కన్ 4.0. అది వచ్చినప్పుడు నేను అమలాపురం దగ్గర మా ఊళ్లో హైస్కూల్లో ఉన్నాను, ఇంట్లో కంప్యూటర్ అనే మాటే లేదు. ఇప్పుడు ఈ వానాకాలమంతా, పని అయ్యాక రాత్రిపూట గంటా గంటన్నర చొప్పున ఆడి ఈ రివ్యూ రాస్తున్నాను. ఇంత పాత గేమ్‌కి ఇప్పుడు రివ్యూ ఎందుకంటే, ఫ్లైట్ సిమ్‌ల మాట వచ్చినప్పుడల్లా అందరూ మొదట అడిగేది "గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి" అని, ఆ తర్వాత ఇంకేమీ అడగరు. చూడ్డానికి నిజంలా ఉండటం వేరు, నిజంలా నడవటం వేరు అని నాకు బాగా అర్థమైంది ఈ గేమ్ వల్లే. అలాగని చూపు ముఖ్యం కాదని కూడా అనను, ఎందుకంటే ఒకచోట ఈ గేమ్ సరిగ్గా అక్కడే దెబ్బతింది, ఆ దెబ్బ చిన్నదేమీ కాదు.

కొనడం సులువే. గాగ్, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపుల్లో దొరుకుతుంది, నేను సేల్‌లో కొన్నాను, అమలాపురంలో ఒక బిర్యానీకి అయ్యేంత కూడా కాలేదు. అయితే 1998 నాటి అసలు గేమ్, దాని మీద అభిమానులు ఏళ్ల తరబడి కట్టుకుంటూ వచ్చిన బీఎంఎస్ అనే వెర్షన్, ఈ రెండూ వేరు. బీఎంఎస్ ఉచితం, కాకపోతే అసలు గేమ్ మీ దగ్గర ఉంటేనే ఇన్‌స్టాల్ అవుతుంది. నేను మొదటి మూడు వారాలు కావాలనే పాతదే ఆడాను, తర్వాతే బీఎంఎస్‌కి వెళ్లాను. నేరుగా బీఎంఎస్‌కి వెళ్లిపోతే అప్పటివాళ్లు చేసిన పని ఎంతో, తర్వాతివాళ్లు కలిపింది ఎంతో తెలియదు.

పాతది మొదటిసారి తెరిచినప్పుడు మా బావమరిది పక్కనే ఉన్నాడు. భీమవరంలో బీటెక్ చదువుతున్నాడు, వాడికి గేమ్ అంటే కొత్త కన్సోల్, పెద్ద టీవీ. విమానం గాల్లోకి లేవగానే కిందకి చూసి "ఇదేంటి బావా, నేల ఇలా ఉందేంటి? తడిసిన గోనెసంచి పరిచినట్టు" అన్నాడు. నిజమే. ఆకుపచ్చ, గోధుమరంగు పలకలు అతికించినట్టు ఉంటుంది. కొండలు పలకలు పలకలుగా, నదులు నీలం పట్టీలుగా కనబడతాయి. ఊళ్లలో ఇళ్లు అక్కడక్కడా డబ్బాల్లా నిలబడి ఉంటాయి. పేలుడు జరిగితే ఒక బొమ్మ వెలిగి ఆరిపోతుంది. వాడు పావుగంట చూసి లేచి వెళ్లిపోయాడు, నేను వాడిని తప్పు పట్టను.

నేను మాత్రం కూర్చున్నాను. కూర్చోబెట్టింది మాన్యువల్. అప్పట్లో పెట్టెలో రింగ్ బైండర్‌లో దాదాపు 600 పేజీల పుస్తకం ఇచ్చేవాళ్లు, ఇప్పుడు పీడీఎఫ్ వస్తుంది. స్క్రీన్ మీద చదవలేక జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాను, నాలుగు భాగాలైంది. షాపాయన పేజీలు తిరగేసి "ఇది ఏ కోర్సు పుస్తకమండీ?" అని అడిగాడు. కోర్సులాగే ఉంటుంది మరి. దాని తయారీలో పాలుపంచుకున్న పీట్ బొనాని నిజంగా ఎఫ్-16 నడిపిన పైలట్. అందుకని ఏ బటన్ ఏం చేస్తుందో చెప్పి వదిలేయదు, ఆ బటన్ ఎప్పుడు నొక్కాలి, ఆలస్యమైతే ఏమవుతుంది, ఎదుటివాడు అప్పుడు ఏం చేస్తుంటాడు అని చెబుతుంది. రాడార్ గురించి చదువుతుంటే ఇంటర్‌లో ఫిజిక్స్ లెక్చరర్ చెప్పిన డాప్లర్ (దగ్గరికొచ్చేదాని నుంచీ, దూరంగా పోయేదాని నుంచీ తిరిగొచ్చే తరంగం మారే తీరు) ఇన్నాళ్లకి పనికొచ్చింది. నీ రాడార్‌కి చిక్కిన శత్రు విమానం ఒక్కసారిగా నీకు అడ్డంగా తిరిగిందనుకో, అది నీవైపు రావడమూ లేదు, దూరంగా పోవడమూ లేదు కాబట్టి నేల మీంచి వచ్చే ప్రతిధ్వనిలో కలిసిపోయి రాడార్ నుంచి జారిపోతుంది. గేమ్‌లో ఇది నిజంగా జరుగుతుంది. స్క్రీన్ మీద చుక్క మాయమైనప్పుడు మొదట బగ్ అనుకున్నాను, పుస్తకం తీసి చూస్తే ఆ శత్రు పైలట్ చేసింది సరైన పనే. తర్వాత అదే పని నేను వాడి మీద చేయడం నేర్చుకున్నాను.

కాక్‌పిట్ లోపల సంగతి ఇలా ఉంటుంది, మొత్తం నిజం అని నేను సర్టిఫికెట్ ఇవ్వలేను, నేను పైలట్‌ని కాను. కానీ ఒక దాని మీద ఒకటి ఆధారపడే తీరు మాత్రం నిజంలా ఉంటుంది. ఇంధనం ఎక్కువ మోస్తే బాంబులు తగ్గాలి, బాంబులు ఎక్కువ మోస్తే మలుపు నెమ్మదిస్తుంది, ఆఫ్టర్‌బర్నర్ (ఇంజిన్ వెనక అదనంగా ఇంధనం మండించేది) వేస్తే వేగం వస్తుంది కానీ తిరిగి రావడానికి ఇంధనం ఉండదు. ఆ లెక్కలన్నీ బుర్రలో తిరుగుతుండగా హెచ్చరిక మోత మొదలైతే ఆ టెన్షన్‌కి చేతులు చల్లబడతాయి, గోనెసంచి నేల అప్పుడు గుర్తుకే రాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫాల్కన్ 4.0 లో నిజం అనేది కాక్‌పిట్‌లో కన్నా దాని బయట ఎక్కువ ఉంది. క్యాంపెయిన్ అని ఒక భాగం ఉంటుంది, కొరియా ద్వీపకల్పం మొత్తం మీద యుద్ధం. మొదలుపెట్టడానికి టైగర్ స్పిరిట్, రోలింగ్ ఫైర్, ఐరన్ ఫోర్ట్రెస్ అని మూడు పరిస్థితులు ఇస్తారు, బలాబలాలు ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటాయి. అందులో నువ్వు ఒక స్క్వాడ్రన్‌లో, అంటే విమానాల దళంలో, ఒక పైలట్‌వి, అంతే. నువ్వు ఎగిరినా ఎగరకపోయినా యుద్ధం నడుస్తూనే ఉంటుంది. ట్యాంకులు కదులుతాయి, వేరే స్క్వాడ్రన్లు వాళ్ల పనులు వాళ్లు చేస్తాయి, రాడార్ స్టేషన్లు కూలుతాయి, మళ్లీ లేస్తాయి, మిస్సైళ్ల నిల్వ తగ్గుతుంది. ఎవరూ ముందుగా రాసిపెట్టిన కథ కాదు, అన్నీ లెక్కల్లోంచి పుట్టేవే. ఈ క్యాంపెయిన్ ఇంజిన్ వెనక ముఖ్యంగా పనిచేసిన మనిషి కెవిన్ క్లెమిక్.

అప్పటి కంప్యూటర్ల మీద ఇది ఎలా నడిచిందంటే, దానికి వాళ్లు వాడిన ఉపాయం పేరు బబుల్, అంటే బుడగ. నీ విమానం చుట్టూ ఒక బుడగ ఉన్నట్టు ఊహించుకో. బుడగ బయట ఉన్న ట్యాంకు బెటాలియన్ ఒక లెక్క మాత్రమే, ఇన్ని ట్యాంకులు, ఫలానా రోడ్డు, ఫలానా వేగం అని. నువ్వు దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క విడిపోయి ఒక్కొక్క ట్యాంకూ బొమ్మగా రోడ్డు మీదకి వస్తుంది, తుపాకీ తిప్పుతుంది, నీ మీద కాలుస్తుంది. నువ్వు వెళ్లిపోయాక, కాలిపోయినవి పోగా మిగిలినవి మళ్లీ లెక్కలో కలిసిపోతాయి. మన కోనసీమ వాళ్లకి ఇది అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టదు. గోదావరికి వరద వస్తే మనకి ముందు వచ్చేది నీళ్లు కాదు, అంకె. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 13.75 దాటితే రెండోది, 17.75 దాటితే మూడోది. టీవీలో ఆ అంకె చూస్తూ కూర్చుంటాం, అది మన లంక దగ్గరికి వచ్చాకే అరటితోటలో నీళ్లవుతుంది. మన కళ్లకి కనబడనప్పుడు కూడా ఆ వరద ఉన్నట్టే కదా. ఈ గేమ్‌లో యుద్ధం కూడా అలాగే ఉంటుంది.

నాకు జరిగిన ఒక సంగతి చెబుతాను. నేను దక్షిణ కొరియాలోని కున్సాన్ బేస్‌లో ఉన్నాను. నిజంగానే అది అమెరికా 8వ ఫైటర్ వింగ్ ఉండే ఎయిర్‌బేస్. ఆ రోజు నాకు వచ్చిన పని ఇమ్జిన్ నది మీద ఒక వంతెన కొట్టడం. రెండు 2000 పౌండ్ల మార్క్-84 బాంబులు. మొదటిసారి తొందరపడి వేశాను, రెండూ నీళ్లలో పడ్డాయి. ఏ గేమ్‌లోనైనా అప్పుడు మిషన్ ఫెయిల్ అని వచ్చి మళ్లీ ఆడమంటుంది. ఇక్కడ అలాంటిదేమీ రాలేదు. నేను తిరిగి వచ్చి దిగాను, మ్యాప్ తెరిచాను, ఆ వంతెన మీదుగా శత్రువు దళాలు దాటుతూనే ఉన్నాయి. సాయంత్రానికి మన వైపు రెండు దళాలు వెనక్కి తగ్గాయి. మర్నాడు పొద్దున్న మళ్లీ అదే వంతెనకి వెళ్లాను, ఈసారి కింద విమాన విధ్వంసక తుపాకులు ఎక్కువ ఉన్నాయి, ఎందుకంటే రాత్రికి రాత్రి వాళ్లు నది దాటి వచ్చేశారు. అయినా కొట్టాను. వంతెన పడింది. ఆ తర్వాత కాలాన్ని వేగంగా జరిపి మ్యాప్ చూస్తుంటే, అవతలి ఒడ్డున దళాల గుర్తులు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి కనబడ్డాయి.

ఎదుర్లంక వంతెన రాకముందు యానాం వెళ్లాలంటే పంటు కోసం రేవులో ఎంతసేపు నిలబడ్డామో నాకు గుర్తుంది. వర్షం వస్తే, ఆటుపోట్లు తేడా వస్తే అంతే, ఇవతలి వాళ్లు ఇవతలే. ఒక వంతెన ఉండటానికీ లేకపోవటానికీ ఎంత తేడానో పాయల మధ్య పుట్టినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మ్యాప్ మీద ఆగిపోయిన గుర్తులు చూసి నాకు ఒళ్లు జలదరించింది. తెర మీద ఉన్నవి చిన్న చిన్న గుర్తులు మాత్రమే, పొగ లేదు, మంట లేదు. 2003 లో వచ్చిన లాక్ ఆన్ అనే ఇంకో ఫ్లైట్ సిమ్ నేను చాలా ఆడాను, అది నిజంగా అందమైన గేమ్, క్రిమియా తీరం మీద పొద్దు వాలుతుంటే సముద్రం మెరిసే తీరు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది, తర్వాత వచ్చిన ఫ్లేమింగ్ క్లిఫ్స్‌లో సు-25టి విమానం గాలిలో ఊగే తీరు కూడా అద్భుతం. కానీ అక్కడ ఒక మిషన్ మళ్లీ ఆడితే కొట్టిన వంతెన మళ్లీ అక్కడే ఉంటుంది, శత్రువు మళ్లీ అదే మూల నుంచి వస్తాడు. అందుకే అక్కడ మిషన్ అయిపోయాక కంప్యూటర్ ఆపేస్తే మనసులో ఏమీ మిగలదు. ఫాల్కన్ ఆపేసి అన్నం తింటున్నప్పుడు కూడా నేను ఆ నది గురించే ఆలోచించేవాడిని.

ప్రెజెంటేషన్ అంటే గ్రాఫిక్స్ ఒక్కటే అనుకోవడం తప్పు. ఈ గేమ్‌లో క్యాంపెయిన్ మ్యాప్ స్క్రీన్ కూడా ప్రెజెంటేషనే, అది చాలా బాగుంది. ఎక్కడ ఎవరున్నారు, ఏ స్క్వాడ్రన్‌కి ఏ పని పడింది, నీ మిషన్ ఎన్నింటికి లేవాలి, అన్నీ ఒక్కచోట కనబడతాయి. ట్యాక్టికల్ రిఫరెన్స్ అని ఇంకోటి ఉంది, అందులో విమానాలు, మిస్సైళ్లు తిప్పి చూడవచ్చు, ఏ రాడార్ మనల్ని పట్టుకుంటే కాక్‌పిట్‌లో ఎలాంటి చప్పుడు వస్తుందో వినవచ్చు. నేను వారం రోజులు ఆ చప్పుళ్లు వింటూనే ఉన్నాను. ఏసీఎంఐ అని ఎగిరినదంతా రికార్డు చేసుకుని తర్వాత పై నుంచి చూసుకునే ఏర్పాటు కూడా ఉంది. ఎక్కడ తప్పు చేశానో అందులో కనబడుతుంది.

రేడియో మాటల గురించి జనం ఫిర్యాదు చేస్తారు. ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి అతికించినవి, ఒక మాట గట్టిగా, పక్క మాట మెల్లగా, మనిషి మాట్లాడినట్టు ఉండదు. ఒప్పుకుంటాను. కానీ ఆ మాట చెప్పే విషయం నిజం. ఫలానా దిక్కులో, ఇంత ఎత్తులో రెండు శత్రు విమానాలు అని రేడియోలో వస్తే, ఆ రెండూ యుద్ధంలో వాటి సొంత పని మీద నిజంగా అక్కడ ఎగురుతున్నాయి. నువ్వు వెళ్లకపోతే అవి వేరే ఎవరినో పట్టుకుంటాయి. ఒకసారి నేను ఇంధనం లేక వెనక్కి తిరిగాను, ఐదు నిమిషాల తర్వాత అటువైపు ఉన్న మనవాళ్లే సాయం అడిగారు. చక్కగా నటించి రికార్డు చేసిన డైలాగ్ ఏదీ నన్ను అంత బాధపెట్టలేదు.

మా మావయ్య ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు, చాలా ఏళ్లు తేజ్‌పూర్‌లో మిగ్-21 ల మీద పనిచేశారు. ఒక ఆదివారం ఇంటికొస్తే చూపించాను. బొమ్మలు బాగాలేవని ఆయన ఒక్క మాట అనలేదు. విమానం రన్‌వే వైపు వెళుతుంటే తెర దగ్గరికి జరిగి "ఏరా, మనుషులేరి?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. "విమానం చుట్టూ మనుషులుండాలి కదరా. చక్రాల దగ్గర ఒకడు, ముందు నిలబడి చేతులతో సైగ చేసేవాడొకడు, ఇన్‌టేక్ దగ్గరికి ఎవరూ రాకుండా చూసేవాడొకడు. పైలట్ ఒక్కడే లేపుతాడా విమానాన్ని?" అన్నారు. అప్పటిదాకా అది లోపమని నాకు తట్టనే లేదు. చిత్రం ఎంత స్పష్టంగా ఉందని నేను చూస్తుంటే, చిత్రంలో ఎవరు లేరో ఆయన చూశారు. కాసేపటికి రాడార్‌లో మిగ్-21 దొరికింది, ఉత్తర కొరియా వాళ్ల దగ్గర అవి ఉంటాయి కదా, నేను మిస్సైల్ వదలబోతుంటే ఆయన "అది మన బండిరా" అని మెల్లగా అన్నారు. ఆ ఒక్కదాన్ని నేను కొట్టలేదు, వదిలేసి పక్కకి తిరిగాను.

ఇక దెబ్బ ఎక్కడ తగిలిందో చెబుతాను. తక్కువ ఎత్తులో ఎగరడం దగ్గర.

హైదరాబాద్ నుంచి రాజమండ్రి విమానంలో వచ్చేటప్పుడు నేను ఎప్పుడూ కిటికీ సీటే తీసుకుంటాను. మధురపూడిలో దిగే ముందు కిందకి చూస్తే ఎంత ఎత్తులో ఉన్నామో చెప్పేయవచ్చు. ముందు గోదావరి వెడల్పు మాత్రమే తెలుస్తుంది, తర్వాత పొలాల గట్లు, ఆ తర్వాత కాలువ మీద చిన్న వంతెనలు, ఇంకా దిగితే కొబ్బరిచెట్ల తలలు విడివిడిగా, ఆఖరికి రోడ్డు మీద మోటార్‌సైకిల్. మనది బల్లపరుపు నేల, కొండ గుర్తు లేదు, కాబట్టి ఎత్తు అంతా చెట్టును బట్టి, గట్టును బట్టి, నీడను బట్టి తెలియాల్సిందే. పైలట్ కన్ను చేసే పని కూడా ఇదే. నేలకి దగ్గరగా వేగంగా వెళుతున్నప్పుడు ప్రతి సెకనూ మీటర్ చూస్తూ కూర్చుంటే కొండ ఎప్పుడు ఎదురొస్తుందో తెలియదు, బయటికి చూడాలి, బయట కనబడేది కంటికి ఎత్తు చెప్పాలి.

1998 ఫాల్కన్‌లో బయట కనబడేది కంటికి ఏమీ చెప్పదు. పొలాలు నేల మీద అచ్చుకొట్టిన బొమ్మలు, దగ్గరికి వెళ్లేకొద్దీ అలికేసినట్టు మసకబారిపోతాయి. చెట్టు నిలబడి ఉండదు, దాని నీడా ఉండదు. 480 నాట్ల వేగంతో (గంటకి దాదాపు 890 కిలోమీటర్లు) 300 అడుగుల ఎత్తులో వెళుతున్నానని హడ్‌లో, అంటే పైలట్ కళ్ల ముందున్న అద్దం మీద, అంకె చెబుతుంది. ఆ వేగంతో వెళితే రావులపాలెం నుంచి అమలాపురం రెండు నిమిషాలు. మన బస్సు గంట తీసుకుంటుంది. అంత వేగంలో నేల కళ్ల కింద పరుగెత్తాలి, భయం వేయాలి. ఇందులో నేల నిదానంగా జారుతున్నట్టు ఉంటుంది, 300 అడుగులకీ 1000 అడుగులకీ తేడా కనబడదు. అందువల్ల ఏమైందంటే, నేను కూడా మెల్లగా బయటికి చూడటం మానేసి అంకె చూస్తూ ఎగరడం అలవాటు చేసుకున్నాను. కొండల చాటున దాక్కుంటూ వెళ్లి సామ్ మిస్సైళ్ల (నేల మీంచి విమానాల మీదకి వదిలేవి) కంట పడకుండా ఉండటమనేది ఈ యుద్ధంలో ముఖ్యమైన విద్య, ఎస్ఏ-2 అనే అలాంటి మిస్సైళ్లు కాచుకుని ఉంటాయి, ఆ విద్యని గేమ్ లెక్కల్లో పెట్టింది కానీ కంటికి ఇవ్వలేదు. కొండ చాటున ఉంటే రాడార్‌కి దొరకం, అది నిజం. ఆ కొండ ఎంత దూరంలో ఉందో చూసి తెలుసుకోలేం, అది అబద్ధం.

కాబట్టి "రియలిజం కావాలంటే గ్రాఫిక్స్ పట్టించుకోకూడదు" అని పాత సిమ్ అభిమానులు చెప్పే మాటతో నేను ఏకీభవించను. పేలుడు ఎంత అందంగా ఉందన్నది నాకు అక్కర్లేదు, కాక్‌పిట్ అద్దం మీద వాన చుక్క లేకపోయినా ఫర్వాలేదు. కానీ పైలట్ కన్ను దేని మీద ఆధారపడి పనిచేస్తుందో అది తెర మీద లేకపోతే అది రియలిజంలోనే లోటు, అలంకారంలో లోటు కాదు. నేల మీద చెట్టు అలంకారం కాదు, అదొక కొలబద్ద.

పాత వెర్షన్‌లో మిగతా ఇబ్బందులు త్వరగా చెప్పేస్తాను. విడుదలైనప్పుడు చాలా బగ్‌లతో వచ్చింది, మధ్యలో ఆగిపోయి డెస్క్‌టాప్‌కి వచ్చేసేది, వాటిని సరిచేసే ప్యాచ్‌లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి 1.08 వెర్షన్ దగ్గర ఆగాయి. కంపెనీని అప్పటికే హాస్‌బ్రో కొనేసింది, 1999 చివరికి ఆ టీమ్‌నే తీసేశారు. 2000 లో గేమ్ సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత) బయటికి వచ్చేసింది, ఆ తర్వాత అభిమానులు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. జంటగా ఎగిరే వింగ్‌మన్ చెప్పిన మాట వినడు, ఒక్కోసారి అనవసరంగా ఇంధనం తగలేసి దారిలో కూలిపోతాడు. కీబోర్డు ఆజ్ఞలు వందల్లో ఉంటాయి. నేను చార్ట్ రాసి గోడకి అంటించాను. మధ్యలో ఒక రాత్రి వర్షానికి కరెంటు పోయి ఇన్వర్టర్ కూడా అందుకోకపోవడంతో సేవ్ చేయని నాలుగు గంటల యుద్ధం పోయింది, అందుకని ప్రతి మిషన్ తర్వాత సేవ్ చేసుకోండి.

బీఎంఎస్‌కి మారాక చాలావరకు ఊరట. 3డి కాక్‌పిట్‌లో ప్రతి స్విచ్ మౌస్‌తో నొక్కవచ్చు. ర్యాంప్ స్టార్ట్ పెట్టుకుంటే చల్లగా ఉన్న విమానాన్ని మనమే లేపాలి, బ్యాటరీ, ఆ తర్వాత ఇంజిన్‌ని తిప్పి మొదలుపెట్టే జేఎఫ్ఎస్, ఇంజిన్ వేగం 20 శాతం దాటాక థ్రాటిల్ (ఇంజిన్ జోరు పెంచి తగ్గించే పిడి) ఐడిల్‌కి తేవాలి, విమానం ఎక్కడుందో లెక్కగట్టే ఐఎన్ఎస్ అలైన్ అయ్యేదాకా ఏడెనిమిది నిమిషాలు కదలకుండా ఆగాలి. మావయ్య మళ్లీ వచ్చినప్పుడు ఇది చూపిస్తే ఆయన చెక్‌లిస్ట్ చేతిలోకి తీసుకుని ఒక్కో వరుస చదివి, నేను చేశానో లేదో చూసి, తర్వాతి వరుసకి వెళ్లారు. "మా దగ్గరా ఇంతే, గుర్తుంది కదా అని ఎవరూ చేయకూడదు, చదివే చేయాలి" అన్నారు. ఆ ఎనిమిది నిమిషాలు తెర మీద ఏమీ జరగలేదు, మేమిద్దరం ఒక్కసారి కూడా విసుగుపడలేదు. ఫ్లైట్ మోడల్ కూడా మారిపోయింది, నెమ్మదిగా ఎగురుతూ ముక్కు మరీ పైకి లేపితే డీప్ స్టాల్‌లో (ముక్కు పైకే ఉండిపోయి, మామూలుగా దించబోతే దిగని స్థితిలో) పడుతుంది, అప్పుడు మాన్యువల్ పిచ్ స్విచ్ పట్టుకుని ముక్కును ఊపుతూ ఊపుతూ బయటపడాలి. నేను మూడుసార్లు పడ్డాను, ఒక్కసారే బయటపడ్డాను. నేల కూడా పాతదానికన్నా ఎంతో మేలు, చెట్లు నిలబడ్డాయి, ఎత్తు కంటికి అందుతోంది, వీఆర్ హెడ్‌సెట్ ఉన్నవాళ్లకి ఇంకా బాగుంటుందట, నా దగ్గర లేదు. అన్నిటికన్నా ముఖ్యం, వీళ్లు ఇన్ని మార్చినా అడుగున ఉన్న ఆ క్యాంపెయిన్‌ని పారేయలేదు. నేలని తర్వాత ఎవరైనా బాగుచేయవచ్చు, చేస్తున్నారు కూడా. యుద్ధం లేని అందమైన గేమ్‌లోకి తర్వాత యుద్ధాన్ని తెచ్చి పెట్టడం అంత తేలిక కాదు. 1998 లో ఆ టీమ్ కష్టమైనదాన్ని ముందు చేసింది, అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా నేను దీని గురించి ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

కొనాలనుకునేవాళ్లకి రెండు ముక్కలు. జాయ్‌స్టిక్ లేకుండా మొదలుపెట్టకండి, పిడి మెలితిప్పగలిగేది, థ్రాటిల్ ఉన్నది అయితే చాలు, ఖరీదైనది అక్కర్లేదు. నేను ఆన్‌లైన్‌లో ఒక షాపులో తీసుకున్న మొదటిది నెలకే మెలిక దగ్గర వణకడం మొదలెట్టింది, వారంటీ అడిగితే తిప్పించుకున్నారు, కాబట్టి వెనక్కి తీసుకునే గడువు లోపే బాగా ఆడి చూసుకోండి. నేరుగా యుద్ధంలోకి వెళ్లకుండా మొదట దిగడం నేర్చుకోండి. హడ్‌లో ఫ్లైట్ పాత్ మార్కర్‌ని (విమానం నిజంగా ఎటు వెళుతోందో చూపే గుర్తుని) రన్‌వే మొదలు మీద పెట్టి, యాంగిల్ ఆఫ్ అటాక్ (రెక్కకీ ఎదురొచ్చే గాలికీ మధ్య కోణం) 11 నుంచి 13 డిగ్రీల మధ్య నిలబెట్టడం, అంతే, కానీ అది చేతికి రావడానికి నాకు పది రోజులు పట్టింది. ఆ పది రోజులు ఆగలేనివాళ్లు, సాయంత్రం అరగంట సరదాగా ఎగరాలనుకునేవాళ్లు లాక్ ఆన్ లాంటిది తీసుకోండి, సంతోషంగా ఉంటారు. మా బావమరిదికి నేను అదే ఇచ్చాను.

నా క్యాంపెయిన్ ఇప్పుడు తొమ్మిదో రోజులో ఉంది. ఇందాక మ్యాప్ తెరిచి చూస్తే ఆ ఇమ్జిన్ వంతెనని వాళ్ల ఇంజినీర్లు బాగుచేసేశారు, రేపు పొద్దున్న పనుల జాబితాలో దాని పేరు మళ్లీ ఉంది, ఆ మిషన్‌కి నా పేరు పెట్టుకున్నాను.